మామయ్య కనిపించిన రీలు

పాత సినిమాల ప్రింట్లు కొనే పిచ్చి నాకు పెళ్ళికి ముందే ఉంది. ఉప్పుగూడకు కాపురానికి వచ్చినప్పుడు నా సామానుతో పాటు చిన్న ప్రొజెక్టర్ కూడా దిగింది. "గిదేం కుట్టుమిషన్, బిడ్డా?" అని అడిగింది మా అత్తమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీ తొందరగా అయిపోయిన గురువారాల్లో జుమ్మేరాత్ బజారు పాతసామాన్ల సంతకు వెళ్ళి, తుప్పు డబ్బాల్లో రీళ్ళు వెతికేదాన్ని.

మామయ్య గుడిలో సన్నాయి వాయించేవారు. వయసులో ఉన్నప్పుడు మద్రాసు వెళ్ళి, ఒక సినిమాలో పెళ్ళి సీనుకు వాయించానని చెప్పేవారు. ఆ సినిమా ఇక్కడ ఆడినప్పుడు అత్తమ్మ చుట్టాలందర్నీ వెంటేసుకుని వెళ్ళిందట. పెళ్ళి సీను వచ్చింది, పోయింది. మామయ్య లేరు. ఇక్కడికొచ్చిన ప్రింటులో ఆ ముక్క కత్తిరించి ఉంటారని ఆయన ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. అప్పటి నుంచి ఆయన ఏం చెప్పినా, "ఔ, నువ్వు యాక్టర్‌వి గద!" అనేది.

ఒక గురువారం ఆ సినిమాయే నా చేతికి దొరికింది. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన గోడకు తెల్ల పంచె కట్టారు. తలుపులు మూసి రీలు నడిపాను. పెళ్ళి సీనులో పెళ్ళికొడుకు భుజం వెనక, బుగ్గలు ఉబ్బించి సన్నాయి ఊదుతూ ఒక నూనూగు మీసాల కుర్రాడు!

"మళ్ళ తిప్పు, మళ్ళ తిప్పు!" అని అరిచింది అత్తమ్మ.

వెనక్కి తిప్పాను. తలంబ్రాలు ఎగిరి దోసిళ్ళలోకి వచ్చిపడ్డాయి. ముందుకు నడిపాను. మళ్ళీ అదే కుర్రాడు.

"ఏందయ్యా, నిజంగనే ఉన్నవ్! మస్తున్నవ్ గద!" కొంగు నోటికడ్డం పెట్టుకుని ఆమె ఒకటే నవ్వు.

మామయ్య మాత్రం మొహం ముడుచుకున్నారు. "చేతులు నావే గని బిడ్డా, వాయించుడు నాది కాదు. ఇంకెవరిదో పెట్టిండ్రు. సౌండు బంద్ చెయ్యి."

లోపలికి వెళ్ళి సన్నాయి తెచ్చుకున్నారు. తెర మీద కుర్రాడు ఊదుతుంటే పక్కన నిలబడి ఆయన వాయించారు. గదంతా సన్నాయి పాటతో నిండిపోయింది. సీను అయిపోయి, హీరోయిన్ అత్తారింట్లో ఏడుస్తున్నా ఆయన పెళ్ళిపాట ఆపలేదు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం.

మర్నాటికల్లా అత్తమ్మ గల్లీ అంతా చెప్పేసింది. ఆదివారం వస్తే మా గుమ్మం ముందు చెప్పుల కుప్ప. ప్రతిసారీ మామయ్యకు శాలువా కప్పి తెర పక్కన నిలబెట్టేది. కొన్ని వారాలు గడిచాక ఆయన వంటింట్లోకి వచ్చి, "ఇంకో సినిమా ఏదన్న కొనరాదు, బిడ్డా?" అని నన్ను మెల్లగా బతిమాలారు.

ఆ మాట అత్తమ్మ చెవిన పడనే పడింది.

"గట్లెట్ల? గీ వారం కిషన్‌బాగ్ నుంచి మా చెల్లె వస్తున్నది. సన్నాయి తుడిచి పెట్టుకో!"