టీ కంపెనీ వియ్యంకుడు

మొదట చెంచా చప్పుడు వినిపించింది. డోలక్ చెక్క మీద స్టీలు చెంచా. టక్కు, టక్కు, టకటక్కు. దాని వెనకే ఆడవాళ్ళ నవ్వు. సందు మలుపు తిరగకముందే ఎవరో మేడ మీంచి చెంబెడు నీళ్ళు కుమ్మరించినట్టు ఆ నవ్వు నా మీద పడింది. అక్టోబరు మధ్యాహ్నం, కామోకీ మిల్లుల నుంచి వడ్ల పొట్టు లేచి ఎండలో ఈదుతోంది. ఊరంతా పసుపు రాసుకున్న పెళ్ళికూతురిలా ఉంది.

తలుపు గొళ్ళెం ఆడించాను. చెంచా ఆగింది.

"ఎవరది? మగపెళ్ళివారా, ఆడపెళ్ళివారా?" అంది లోపలి గొంతు.

"టీవీ వాళ్ళం."

"అయితే మగపెళ్ళివారే. చెప్పులు బయట వదిలిరా. మా వాళ్ళు చాలా మంచివాళ్ళు, ఒక్కటే తీసుకుంటారు."

అలా, ముఖం చూడకముందే మాయి రహ్మతే చేత ఒక మాట పడ్డాను.

నూర్‌బాగ్ టీ కంపెనీ ఖర్చుతో నడిచే 'రంగ్ బైఠక్' పాటల కార్యక్రమానికి అది ఐదో సీజన్. పేరున్న గాయకుల మధ్య ప్రతి సీజన్‌లోనూ ఊళ్ళ నుంచి ఒక కొత్త గొంతును తెచ్చి కూర్చోబెడతారు. ఆ గొంతులోని మాటలు రాసుకుని తెర అడుగున వేయడం నా ఉద్యోగం. అందుకే లాహోర్ నుంచి బస్సెక్కి వచ్చాను.

రహ్మతే అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పిట్ట ఒళ్ళు, గోరింటాకు పెట్టిన జుట్టు, ముందు రెండు పళ్ళ మధ్య కిటికీ. గొంతు మాత్రం ఆ ఒంటికి కుట్టించింది కాదు. పెద్ద మనిషి చొక్కా చిన్నపిల్ల వేసుకున్నట్టు ఆమె చుట్టూ వదులుగా, గాలి ఆడుతూ ఉండేది. పక్కన చెంచా పట్టుకుని కూర్చున్నది ఆడపడుచు నూరాం. ఇద్దరూ కలిసి నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో పాడుతున్నారు. పుట్టుకతో మిరాసీలు, తరతరాలుగా పాటే వృత్తిగా బతికే కులం. ఆడపెళ్ళివారి వైపు కూర్చుని, వచ్చిన వియ్యాలవారిని పేరుపేరునా దులిపి పారేయడం వాళ్ళ ఇంటి విద్య.

"తిడితే కోపం రాదా మాయీ?" అని అడిగాను.

"తిట్టకపోతే వస్తుంది. మా అమ్మకి ఒకసారి గొంతు పోయింది. మగపెళ్ళివారు వచ్చారు, కూర్చున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. పెళ్ళికొడుకు బాబాయి పళ్ళెం తోసేసి లేచాడు. ఏం, మా ముక్కులు బాగాలేవా, మా పొట్టలు కనబడటం లేదా, మమ్మల్ని మనుషుల్లో లెక్కేయలేదా అని. చివరికి ఆ పళ్ళెం మళ్ళీ ఆయన ముందుకు జరగడానికి తొమ్మిదేళ్ళదాన్ని నన్ను లేపి తిట్టించారు."

"ఏమని?"

"కొత్త కదా. గాడిద అన్నాను. చాలా సంతోషించాడు."

నూరాం నవ్వి చెంచా జారవిడిచింది. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. మనవరాలు సుంబుల్. ఆమెకి సియాల్‌కోట్ సంబంధం కుదిరింది, డిసెంబరులో పెళ్ళి. పెళ్ళికొడుకు బంతుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, వాళ్ళమ్మ ఫర్‌హత్ బడిలో టీచరు. ఆ ఇంటి నుంచి ఒకే ఒక షరతు వచ్చింది. కట్నం మాట కాదు, నగల మాట కాదు. పెళ్ళిలో మిరాసీ పాటలు ఉండకూడదు, పెద్ద సౌండు పెట్టెలు పెట్టి సినిమా పాటలు వేసే పెట్టెల పాటలవాణ్ణి వాళ్ళే తెస్తారు.

"వాళ్ళూ మావాళ్ళే," అంది రహ్మతే, గొంతు కాస్త తగ్గించి. "ఆ ఫర్‌హత్ అత్త మా అమ్మ పక్కన కూర్చుని తాళం వేసేది. రెండంతస్తులు లేవగానే గేటు మీద కొత్త ఇంటిపేరు చెక్కించుకున్నారు, డోలక్ అటక ఎక్కించారు. ఎక్కించుకోనీ. కానీ మూడు వందల పెళ్ళిళ్ళలో తిట్టాను బిడ్డా, ఎవరెవరి పిల్లల కోసమో. నా పిల్ల పెళ్ళిలో నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చోవాలా?"

"అమ్మమ్మా, వదిలెయ్," అంది సుంబుల్ తాడు దగ్గర నుంచే.

"వాళ్ళింట్లో మీ కార్యక్రమం చూస్తారట," రహ్మతే నా వైపు వంగింది. "వదలకుండా చూస్తారట. అందులో నేను కనిపిస్తే అప్పుడు చెప్పమను, మిరాసీ పాట వద్దని."

ఆమె ఎందుకు ఒప్పుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

లాహోర్ స్టూడియోలో అసలు చిక్కు మొదలైంది. పాటకి బాణీ కూర్చే కుర్రాడు జర్యాబ్, జుట్టు వెనక్కి కట్టి జడ వేసుకుంటాడు. కంపెనీ వాళ్ళు ఆమె మాటలు తీసేసి మర్యాదైన మాటలు రాయించి పంపారు. ఆమెకి చదువు రాదు కాబట్టి కాగితం నేను చదివాను. చందమామ లాంటి వియ్యంకుడు వచ్చాడట. కప్పు కప్పునా ఆప్యాయత పంచాడట.

రహ్మతే చెంగు తల మీదికి లాక్కుంది. "పాపం. ఎప్పుడు పోయాడు?"

"ఎవరు మాయీ?"

"ఈ వియ్యంకుడు. ఇంత పొగుడుతున్నారంటే మనిషి లేనట్టే కదా."

జర్యాబ్ తల గోక్కున్నాడు. సరే, ఒక్కసారి పాత మాటలతోనే పాడండి, వాళ్ళకి వినిపిస్తాను, నచ్చకపోతే వేరే గాయనిని చూసుకుంటారు, అంతకుమించి నా చేతిలో లేదు అన్నాడు. లైట్లు వెలిగాయి. గిటార్లు, డప్పులు ఎత్తుకున్నాయి. రహ్మతే నోరు తెరిచి ఊరుకుంది. మళ్ళీ ఎత్తుకున్నాయి. మళ్ళీ ఊరుకుంది. నూరాం చెంచా గాలిలో ఆగిపోయింది.

"ఏమైంది మాయీ?"

"ఎవరిని తిట్టాలి?"

"ఎవరో ఉన్నట్టు ఊహించుకోండి."

"ఊహించుకుని తిడితే పిచ్చిదంటారు బాబూ. మనిషి ఎదురుగా ఉంటేనే పాటంటారు."

"పోనీ నన్ను తిట్టండి."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "జడ ఉంది. నువ్వు మా వైపు."

తర్వాత ఆమె చూపు హాలంతా నెమ్మదిగా తిరిగి, చివరున్న అద్దాల గది మీద వాలింది. అక్కడ తవిటి రంగు కోటు వేసుకుని, ముందు టీ పొట్లాల వరస పెట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. కంపెనీ అధికారి తల్హా సాహిబ్. మాట మెత్తన, మీసం పలుచన.

"ఆ తొట్టిలో చేపలా కూర్చున్నాయన ఎవరు?"

"మాయీ, ఆయన ఖర్చుతోనే ఇదంతా..."

"ఖర్చు పెట్టేవాడే వియ్యంకుడు. పిలవండి."

పిలిచారు. ఆయన చేతిలో పొట్లం ఒకటి మర్చిపోయి అలాగే వచ్చాడు. కుర్చీ వేసి ఎదురుగా కూర్చోబెట్టారు. రహ్మతే ఒక్క క్షణం ఆయన్ని ప్రేమగా చూసింది, దర్జీ గుడ్డను చూసినట్టు. ఇక గొంతు లేచింది. ఎండిన వాగులోకి ఎక్కడో పైన కురిసిన వాన హఠాత్తుగా వచ్చినట్టు వచ్చింది.

*వియ్యంకుడొచ్చాడు కోటు వేసుకుని*
*కోటు మామగారిది, గుండీలు మావి*
*వియ్యంకుడి మీసాలు చూడరే అమ్మా*
*చీమలు రెండు పోట్లాడుకున్నవి*

డప్పు వాయించేవాడు నవ్వు ఆపుకోలేక తాళం తప్పి మళ్ళీ పట్టుకున్నాడు. తల్హా సాహిబ్ చెవులు ఎర్రబడ్డాయి. ఒకటి తర్వాత ఒకటి ఆరు చరణాలు పడ్డాయి ఆయన మీద. ఆరోది ఇది:

*వియ్యంకుడి ఇంట చాయి పోయించితే*
*కప్పు అడుగున కామోకీ కనబడె*
*మిల్లు కనబడె, మినారు కనబడె*
*చాయి మాత్రం వెతికినా కనబడలే*

పాట ఆగింది. నూర్‌బాగ్ టీ డబ్బుతో వెలుగుతున్న దీపాల కింద, నూర్‌బాగ్ టీ అధికారిని పట్టుకుని, నీ టీ నీళ్ళని పాడింది. జర్యాబ్ కళ్ళు మూసుకున్నాడు. నేను రాస్తున్న కాగితం బోర్లించాను.

తల్హా సాహిబ్ లేచాడు. చెయ్యి జేబులోకి పోయింది. ఫోను తగిలింది, కార్డు తగిలింది, నోటు తగల్లేదు. అప్పుడు ఆయన రెండడుగులు ముందుకు వేసి, ఎడం చేతిలో ఉన్న టీ పొట్లాన్ని కుడి చేతిలోకి మార్చుకుని, మాయి రహ్మతే తల చుట్టూ మూడుసార్లు తిప్పి, ఆమె ఒళ్ళో పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు వజీరాబాద్ పెళ్ళిళ్ళలో వాళ్ళ తాత, తండ్రి తిట్లు తిన్నాక నోటు తిప్పి ఇవ్వడం చూసిన చెయ్యి అది. "నా చెయ్యి నన్ను అడగలేదండీ," అన్నాడు తర్వాత నాతో.

"వియ్యంకుడు బతకాలి, వాళ్ళింటి పొయ్యి ఆరకూడదు," అని రహ్మతే దీవించింది. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి.

తిట్టుకి కానుక తిప్పి ఇచ్చాక ఆ తిట్టు తిన్నవాడి సొత్తు. దాన్ని వెనక్కి తీసుకోమనే హక్కు వాడికి ఉండదు. కరాచీ ఆఫీసు వాళ్ళు ఆరో చరణం కొట్టేయమన్నారు. తల్హా సాహిబ్ ఫోనులో మెత్తగానే అన్నాడు: "కుదరదు సార్. నేను అందుకున్నాను." తర్వాత అవతల ఎవరో కూర్చుని లెక్క చూశారు. నాలుగు సీజన్లుగా గాయకుల చేతికి కప్పు ఇచ్చి, వాళ్ళు కషాయం తాగుతున్నట్టు మొహం పెడుతుంటే తీస్తున్నారు. ఈసారి పొట్లం పదకొండు సెకన్లు గాలిలో తిరిగింది, చూస్తున్నవాళ్ళు నవ్వుతుండగా. చరణం ఉండిపోయింది.

నవంబరు చివరి శుక్రవారం సాయంత్రం పాట వచ్చింది. నేను కామోకీలోనే చూశాను. ఆ సందులోని వాళ్ళంతా రహ్మతే గదిలోనే ఉన్నారు, గోడలు కొంచెం పక్కకి జరిగాయేమో. పాట అయిపోయి అరగంట కాకముందే సుంబుల్ ఫోను మోగింది. సియాల్‌కోట్. రహ్మతే ఫోనుని అద్దంలా ముందు పట్టుకుని, గొంతు అందరికీ వినబడేలా పెట్టించింది.

"చూశామండీ," అంది ఫర్‌హత్ టీచరు, బడి గొంతుతో. "ఆ టీ ఆయనకి ఆరు చరణాలు."

"అవునమ్మా."

"ఆయన మీకేమవుతాడు?"

"ఏమీ అవడు."

"ఏమీ కానివాడికి ఆరు. రేపు సొంత వియ్యంకుడు మీ వాకిట్లో దిగితే ఏమీ లేదా? మా వారు అన్నం తినకుండా పడుకున్నారు."

సుంబుల్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. రహ్మతే మాత్రం తొణకలేదు.

"మీరే వద్దన్నారు కదమ్మా. పెట్టెల పాటలవాడు వస్తాడన్నారు."

"వాడు వస్తే వస్తాడు. ఓ మూల కూర్చుంటాడు."

"తిట్లు ఊరికే రావు వియ్యపురాలా. అటు నుంచి బదులు చెప్పేవాళ్ళు ఉండాలి. మీ అత్త గొంతు నాకు తెలుసు. ఆవిడ మీకేమీ నేర్పలేదా?"

అవతల ఎక్కడో తలుపు వేసిన చప్పుడు, గదిలోకి ఒంటరిగా వెళ్ళినట్టు. ఆ తర్వాత చాలా సన్నగా, చాలా ఏళ్ళు మడతపెట్టి ఉంచిన గుడ్డ విప్పినట్టు, ఫర్‌హత్ టీచరు పాడింది:

*కామోకీ వియ్యపురాలి పళ్ళ కిటికీలో*
*పిచ్చుక గూడు కట్టి పిల్లల్ని పెట్టింది*

రహ్మతే కళ్ళు పెద్దవయ్యాయి. చేతిలో నోటు లేదు, పొట్లం లేదు. కాళ్ళ దగ్గరున్న నారింజపండు తీసి ఫోను చుట్టూ మూడుసార్లు తిప్పింది. గదంతా పగలబడి నవ్వింది. నూరాం చెంచా వెతుక్కుంటోంది.

నేను బస్సుకి వేళయిందని లేచాను. పెళ్ళికి తప్పకుండా వస్తానని, ఆడపెళ్ళివారి వైపు ఆమె పక్కనే కూర్చుని పాటలన్నీ రాసుకుంటానని చెప్పాను. రహ్మతే నా చెయ్యి పట్టుకుని, దీపం వెలుతురులోకి లాగి, నా ముఖాన్ని తీరిగ్గా చూసింది.

"మా వైపు చోటు లేదు బిడ్డా. నువ్వు వాళ్ళ వైపు కూర్చో. నీ ముక్కు మీద ఇప్పటికే రెండు చరణాలు వచ్చాయి, పారేసుకోలేను."