165 అని నేను సరిగ్గానే రాశాను

ఎల్బీనగర్‌లో టైర్ల దుకాణం ముందు ఆగితే చాలు, ఆ కొత్త రబ్బరు వాసనకి ఇప్పటికీ నా ఎడమ చెంప చురుక్కుమంటుంది. పదేళ్ళు వచ్చేదాకా ఈ టైర్ల విషయంలో నాకంటే మూర్ఖుడు దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో లేడు. నాన్న కిరాయికి నడిపే తెల్ల కారు టైరు మీద 165/80 R14 అని ఉండేది. 165 బండి పోగల వేగమనీ, 80 నాన్న పోనిచ్చే వేగమనీ, 14 అందులో పట్టే చుట్టాల సంఖ్య అనీ నా నమ్మకం. చివరిదైతే ప్రతి పండక్కీ రుజువయ్యేది.

ఆ దసరా ముందు, ఇంటినిండా బతుకమ్మకి దంచిన నువ్వుల సత్తుపిండి వాసన, తంగేడు పూల పచ్చివాసన కలగలిసిపోయి, మేం గల్లీలో పాత టైరును కర్రతో తోలుతూ ఒళ్ళు మరిచి తిరిగే రోజుల్లో, కారుకి కొత్త టైర్లు తెచ్చే పని నర్సింహ మామ మీద పడింది. కారు పాత టైరు మీది సైజు నేనే అరచేతిలో రాసుకొచ్చి చూపించాను. ఆయన మాత్రం 195వి తెచ్చాడు.

"మామా, నేను 165 అని రాసిన గదా?"

"నీకేమెరుకరా? 80కి 80, 14కి 14 కలిసింది సాలదా? జర ఎడల్పుంటే బండికి షాన్!"

దసరానాడు బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, అందరం మీర్‌పేట్‌లోని పెద్దమ్మ ఇంటికి బయల్దేరాం. మొదటి మలుపులోనే ముందు చక్రం గర్రుమంది. దిష్టని నానమ్మ ఇంకో గుమ్మడికాయ కొట్టించింది. రెండో మలుపులో రబ్బరు మాడిన వాసన. నాన్న దిగి చూస్తే, టైరు పైనున్న బండి రేకుకి ఒరుసుకుంటోంది.

"గీ పోరడే సైజు తప్పు సదివిండు బావా, నేనేం జేస్తా?" అన్నాడు మామ.

అరచెయ్యి చాపాను. పొద్దున తలంటుకి సిరా పోయింది. నాన్న చేతి అచ్చు మాత్రం నా చెంప మీద చాలాసేపు ఉండిపోయింది. పెద్దమ్మ చేసిన మటన్ వాసన చూసి కూడా ఆ రోజు నేను తినలేదు. పగ పడితే ఆకలి ఎంతసేపు ఆగుతుందో అప్పుడే తెలిసింది.

మర్నాడు టైర్లు మార్చిన ఖాదర్ చాచా నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "165 వెడల్పు బేటా, మిల్లీమీటర్లల్ల. 80 అంటే గా వెడల్పుల నూటికి ఎనభై వంతులు, గదే టైరు ఎత్తు. వెడల్పు పెంచితే ఎత్తు గూడ పెరుగుతది, రేకుకి రాస్తది. R లోపలి దారాల అల్లిక. 14 రిమ్ము, ఇంచులల్ల." ఎక్కాలు మరిచిపోయాను గానీ, ఇది మరిచిపోలేదు.

ఇప్పుడు చాచా లేడు, ఆయన దుకాణమూ లేదు. టైరు తోలిన గల్లీలో కార్లు నిలబెట్టి, మనుషులు పక్కకి తిరిగి నడుస్తున్నారు. మామ అల్మాస్‌గూడ ప్లాట్ల పుణ్యాన పెద్ద బండి కొన్నాడు. మొన్న దసరా పూజకి చుట్టాలంతా చేరి ఉండగా, "అల్లుడా, టైర్లు మార్చాలె. ఏ సైజో జర చెప్పు" అన్నాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నువ్వే సదువు మామా."

మోకాళ్ళు పట్టుకుని వంగాడు. "రెండు వందల పదిహేను... అరవై... R... పదిహేడు."

"తప్పు. మళ్ళ సదువు."

కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. తప్పన్నాను. వేలు పెట్టి చదివాడు. తప్పన్నాను. పిల్లలు ముసిముసిగా నవ్వారు. నాన్న టీ తాగడం ఆపి నావైపు చూశాడు. మామ చెమటలు కక్కుతూ ఈసారి నేల మీదే కూలబడి, ఒక్కో అంకే కూడబలుక్కుంటూ చదివాడు.

నాలుగుసార్లూ సరిగ్గానే చదివాడు.