అమ్మ ఢిల్లీలో చెప్పిన సాక్ష్యం

మా అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే ఆ ఆదివారం మా ఇంట్లో భోజనం ఆలస్యమే. మెట్టుగూడ చర్చిలో పాటలయ్యాక పాస్టరుగారు "దేవుడు చేసిన మేళ్ళు ఎవరైనా చెప్పుకోవాలంటే చెప్పుకోవచ్చు" అనగానే ఆడవాళ్ళ వైపు నుంచి ముందు లేచేది ఆవిడే. గంజి పెట్టిన తెల్లచీర కొంగు తలమీద సర్దుకుని మొదలుపెట్టేది. గ్యాస్ బండ సమయానికి రావడం దగ్గర్నుంచి నాకు జ్వరం తగ్గడం దాకా ఆవిడకు అన్నీ మేళ్ళే. మధ్యలో ఏడ్చేది, వినేవాళ్ళనీ ఏడిపించేది. చివర "ఈ కొద్ది మాటలు దేవుడు దీవించును గాక" అంటే జనమంతా "ఆమేన్" అనేవాళ్ళు. అవి కొద్ది మాటలేమిటమ్మా, పొయ్యి మీద పప్పు ఏమైపోవాలి అని ఇంటికొచ్చాక నేను దెప్పేదాన్ని.

అమ్మ మోటార్ల కంపెనీలో వైండింగ్ చేసేది. అంటే పంపుసెట్ల మోటార్లకు రాగి తీగ చుట్టే పని. ఆ సెక్షన్‌లో అందరూ ఆడవాళ్ళే. అమ్మది గుంటూరు వైపు. నాన్నకు రైల్వేలో ఉద్యోగమని మెట్టుగూడ వచ్చింది, నాన్న పోయాక ఆ కంపెనీలో చేరింది. ఆవిడ పక్కన కూర్చుని పనిచేసే ఆమెది మల్కాజ్‌గిరి. నేను మల్కాజ్‌గిరి అత్త అనేదాన్ని. వాళ్ళిద్దరూ వదినా వదినా అనుకునేవాళ్ళు. అత్త ఎల్లమ్మకు మొక్కుతుంది, అమ్మ ఏసయ్యకు మొక్కుతుంది, అన్నం డబ్బాలు మాత్రం కలిపి తినేవాళ్ళు. బోనాలప్పుడు అమ్మవారికి పెట్టింది మేం తినమని అత్తకు తెలుసు. అందుకని నైవేద్యం పెట్టకముందే మా వాటా విడిగా తీసి పంపేది. అంత మర్యాద మా బంధువుల్లో కూడా నేను చూడలేదు.

కంపెనీకి నష్టాలన్నారు. జీతాలు వెనకబడ్డాయి. ఒకరోజు పొద్దున అమ్మ డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి గేటుకు తాళం. ఆడవాళ్ళంతా గేటు ముందు షామియానా వేసుకుని కూర్చున్నారు. యజమానులేమో ప్రభుత్వం ఆదుకోకపోతే ఇక తెరవలేమని చెప్పి ఢిల్లీ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆ తిరగడానికి వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. లైజన్ సార్ అనేవాళ్ళు. ఆఫీసర్లను, మంత్రుల మనుషులను పట్టుకుని కంపెనీ పని చేయించుకురావడమే ఆయన ఉద్యోగం. నవ్వు మొహం, మెత్తటి మాట.

షామియానా కింద అమ్మ రోజూ ప్రార్థన చేసేది. కష్టాలు చెప్పి దేవుణ్ణి అడిగేది. ఒకరోజు లైజన్ సార్ కారు దిగి వెనకాల నిలబడి విన్నాడు. మర్నాడే మా ఇంటికి వచ్చాడు.

"మీరు మాతోని ఢిల్లీకి రావాలమ్మా," అన్నాడు. "మేం కోట్లు ఏసుకొని పోయి కంపెనీ మునుగుతున్నదంటే వాళ్ళు ఫైలు పక్కకు పెడ్తరు. మీరు చెప్తే వింటరు. మీకు ఎట్ల వస్తే అట్ల చెప్పండి, తెలుగులనే. పక్కన నిలబడి ఇంగ్లీషుల చెప్పేటందుకు నేనున్న."

అమ్మ వెంటనే సరేననలేదు. ప్రార్థన చేద్దాం అంది. అందరం కళ్ళు మూసుకున్నాం. నేను కొంచెం తెరిచే ఉంచాను, నా బుద్ధి అంత. అమ్మ ప్రార్థన ముగించగానే అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది ఆయనే. అమ్మ మొహం వెలిగిపోయింది.

ఆయన వెళ్ళాక చెప్పాను, "నిన్ను తీసుకెళ్ళేది నీకోసం కాదమ్మా, వాళ్ళకోసం."

"ఆమేన్ అన్నవాడు అబద్ధమాడడే," అంది.

"ఆమేన్ అనడానికి కూడా కలిపే ఇస్తారమ్మా ఆయనకు జీతం."

"నీ నోటికి దేవుడే తాళం వెయ్యాలి," అంది అమ్మ. అక్కడితో ఆ చర్చ అయిపోయింది. ఆమేన్ అన్నవాణ్ణి నమ్మెయ్యడం మా చర్చిలో పెరిగినవాళ్ళు చేసే పొరపాటే. ఆమేన్ అంటే "నేనూ ఈ మాట మీద నిలబడతాను" అని మాకు చిన్నప్పటినుంచి నేర్పారు. బయటివాళ్ళకు అది ప్రార్థన అయిపోయిందనడానికి ఒక గుర్తు, అంతే.

వెళ్ళే ముందురోజు అత్త వచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుంది.

"పోతే పో వదినా. గని ఒక్క మాట మర్చిపోకు. ఆ పైసలు సేట్లయి గావు. మనం సబ్బుబిల్ల కొన్నప్పుడల్లా పన్నుకింద కట్టినయే. ముందుగాల గేటు తీసి మమ్మల్ని లోపలికి తోలుండ్రి, అటెన్క మిగిలిన ఖర్చులు అని చెప్పు. గేటు తియ్యకుంటే పైసలే ఇయ్యకుండ్రి అని సుత చెప్పు. జెర గట్టిగ చెప్పు."

అమ్మ ఆ మాటను పాఠంలా వల్లెవేసింది. గిన్నెలు తోముతూ అదే, బట్టలు సర్దుకుంటూ అదే. లైజన్ సార్ ఫోన్ చేసి పాత చీర కట్టుకొమ్మన్నాడు. "దేవుడి ముందుకే ఇస్త్రీ చీరతో వెళ్తాను, వీళ్ళెవరు?" అని రుసరుసలాడింది కానీ చివరికి వెలిసిపోయిన నీలం నూలు చీరే కట్టుకుని విమానం ఎక్కింది.

తిరిగొచ్చిన అమ్మను ఆపడం ఎవరివల్లా కాలేదు. పెద్ద హోటల్లో హాలట, వేదిక మీద ఆఫీసర్లట, చలికి పళ్ళు కొట్టుకున్నాయట. తను ఒక్కో మాట చెప్పి ఆగితే లైజన్ సార్ ఇంగ్లీషులో చెప్పాడట. "గేటు మాట కూడా చెప్పానే. మధ్యలో కూర్చున్న పెద్దాయన నా వైపు చూసి తలూపాడు కూడా," అంది. అదే మాట మల్కాజ్‌గిరి వెళ్ళి అత్తకూ, సెక్షన్‌లో అందరికీ చెప్పింది.

ప్రభుత్వం నుంచి కంపెనీకి డబ్బు, ప్యాకేజీ వచ్చింది. టీవీలో చూపించారు. గేటు ముందు ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అమ్మ మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టింది. బగారా అన్నం, కోడికూర. లైజన్ సార్ వచ్చి రెండోసారి అడిగి వేయించుకుని తిన్నాడు. అత్త మొదటిసారి మా ప్రార్థనలో కొంగు కప్పుకుని కూర్చుంది. ఆ రోజు అమ్మను చూసి నేను కూడా, నా అనుమానాలన్నీ మానుకుని, సంతోషపడ్డాను.

గేటు తెరుచుకోలేదు. ఇవాళా రేపా అంటూ ఎదురుచూశారు. వాచ్‌మన్‌ను అడిగితే ఆర్డర్ రాలేదనేవాడు. తర్వాత లారీలు వచ్చి మిషన్లను తీసుకుపోయాయి, పట్టపగలే, వీళ్ళంతా చూస్తుండగానే. హైటెక్ సిటీ వైపు కంపెనీకి అద్దాల ఆఫీసు లేచింది. ప్రభుత్వం ఇచ్చింది కంపెనీని నిలబెట్టడానికి గానీ ఈ ఒక్క ఫ్యాక్టరీని నడపడానికి కాదని యజమానులు పేపర్లో చెప్పుకున్నారు. దాన్ని తప్పుబట్టినవాళ్ళు లేరు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. జనం పన్నులతో మునిగేవాణ్ణి ఒడ్డుకు లాగితే, వాడు ఒడ్డుకొచ్చి ముందు కొత్త బట్టలు కుట్టించుకున్నాడు.

ఆడవాళ్ళు లైజన్ సార్ కారును గేటు దగ్గర ఆపారు. అమ్మ కూడా ఉంది. "గేటు తీస్తేనే పైసలియ్యమని మా వదిన చెప్పింది గదా సార్, మరి ఎట్లిచ్చిండ్రు?" అని అత్త నిలదీసింది.

ఆయన అమ్మ వైపు చూశాడు. అదే నవ్వు. "అమ్మ అట్లాంటిదేం అనలేదే. మస్తు మంచిగ మాట్లాడింది, అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. అంతే గద అమ్మా?" అన్నాడు.

అమ్మ "అన్నాను సార్, అన్నాను కదా," అంటూనే ఉందట. ఆయన కారద్దం ఎక్కించుకున్నాడు. ఆడవాళ్ళలో ఎవరో అన్నారట, "విమానం ఎక్కించిండ్రు, నోరు మూయించిండ్రు" అని. ఆ మాట అన్నది అత్త కాదు. కానీ అత్త ఆ మాటను కాదనలేదు. అమ్మకు గుచ్చుకుంది అదే.

ఆ తర్వాత అత్త మా ఇంటికి రాలేదు. బోనాలకు మా వాటా రాలేదు. క్రిస్మస్‌కు అమ్మ కేకు కట్టి నన్ను మల్కాజ్‌గిరి పంపింది. అత్త గుమ్మంలోనే తీసుకుని, "అమ్మ మంచిగున్నదా" అని అడిగి, లోపలికి రమ్మనకుండానే తలుపు దగ్గరికి వేసింది. అప్పటికి అత్త ఎవరింట్లోనో వంటపనికి కుదిరింది. రాగి తీగ చుట్టీ చుట్టీ కాయలు కాసిన వేళ్ళు.

చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు పాస్టరుగారు అలవాటుగా అమ్మ వైపు చూసేవారు. అమ్మ పాటల పుస్తకంలోకి చూసేది. కొన్నాళ్ళకు ఆయన చూడటం మానేశారు. ఆదివారాలు మా ఇంట్లో భోజనం సమయానికి అయిపోయేది. ఒకప్పుడు నేను కోరుకున్నదే. దానంత చేదు అన్నం నేను తినలేదు.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఇంకోటి. ఒకసారి చిక్కుడుకాయలు వలుస్తూ వలుస్తూ ఆగి, "నిజంగా అన్నానంటావా?" అని అడిగింది నన్ను.

"ఏంటమ్మా?"

"గేటు మాట. ఇక్కడ అన్నిసార్లు అనుకున్నాను కదా. అక్కడ భయానికి మింగేశానేమో. చెప్పాననే అనుకుంటున్నానేమో. అందరూ లేదంటుంటే నాకే తెలియట్లేదే."

నేను ఆ హాల్లో లేను. అన్నావులే అమ్మా అన్నాను. లెక్కలు చెప్పే టీచర్ని నేను, రుజువు లేని మాటకు ఎంత విలువో నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. ఆవిడ తలూపి మళ్ళీ చిక్కుడుకాయలు వలుచుకుంది.

అమ్మ పోయినేడు పోయింది. గుండె. సమాధుల తోటకు అత్త వచ్చింది, కానీ లోపలికి రాలేదు. గేటు బయట చెప్పులు విడిచి నిలబడి, అక్కడి నుంచే దండం పెట్టి వెళ్ళిపోయింది. నేను పిలవలేదు. నాకప్పుడు ఆమె మీద కోపంగా ఉంది, నిజం చెప్తున్నాను.

మొన్న మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. మన అమ్మగారేనా అని అడిగారు. నేరేడ్‌మెట్‌లో మా స్కూలు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని తెరిచాను. అదే కంపెనీ. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్న ఫ్యాక్టరీకి నష్టాలట, అక్కడి ప్రభుత్వాన్ని ఆదుకొమ్మంటోంది. దానికోసం ఢిల్లీ వీడియోను బయటికి తీసింది. వెలిసిన నీలం చీరలో మా అమ్మ మైకు ముందు నిలబడి ఉంది. వెనకాల వయొలిన్ ఒకటి పెట్టారు. అమ్మ మాట, ఆగడం, లైజన్ సార్ ఇంగ్లీషు, కింద అక్షరాల్లో అదే ఇంగ్లీషు.

జీతాలు లేక పిల్లల ఫీజులు కట్టలేకపోతున్నామని అమ్మ చెప్పింది, ఆయన అలాగే చెప్పాడు. కంపెనీ మాకు తల్లిలాంటిదని చెప్పింది, అలాగే చెప్పాడు. అప్పుడు అమ్మ గొంతు సవరించుకుంది. నేను ఫోన్ సౌండు పెంచాను.

"అయ్యా, ముందు గేటు తీసి మా ఆడవాళ్ళని లోపలికి పంపించండి. తర్వాతే మిగతా ఖర్చులు. గేటు తియ్యకపోతే ఆ డబ్బు ఇవ్వనే ఇవ్వొద్దు. అది మేమంతా కట్టిన డబ్బు."

ఒక్క అక్షరం వదలలేదు. గట్టిగానే చెప్పింది. ఆయన మైకు అందుకుని ఇంగ్లీషులో అన్నాడు: మీరు చేసే మేలును మేము ఎన్నటికీ మరవమని, మీకు ఎప్పటికీ కృతజ్ఞులమని. వేదిక మీద పెద్దాయన తలూపాడు. చేతులు జోడించి "దేవుడు దీవించును గాక" అంటున్న అమ్మ మొహంలో ఎంత నమ్మకమో. ఆ పక్కనుంచి "ఆమేన్" అని లైజన్ సార్ గొంతే.

పిల్లలు బయట ఆడుకుంటున్నారు. నేను బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను. అమ్మా, అన్నావమ్మా, అన్నావు.

బడి అవగానే మల్కాజ్‌గిరి వెళ్ళాను. అత్త అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. వీడియో తెరిచి ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. గేటు మాట దగ్గర ఆమె ఫోన్‌ను చెవి దగ్గరికి తెచ్చుకుంది.

"మళ్లొక్కసారి పెట్టు బిడ్డా."

పెట్టాను. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "అన్నది నా వదిన," అంది. "అన్నది. నేనే..." అని ఆగిపోయింది. ఇద్దరం గుమ్మంలోనే కూర్చున్నాం. తర్వాత అడిగింది, "గిప్పుడు గిది ఎందుకు పెట్టిండ్రు?"

చెప్పాను. వేరే రాష్ట్రంలో ఇంకో ఫ్యాక్టరీ అనీ, అక్కడా మళ్ళీ ప్యాకేజీ అడుగుతున్నారనీ.

"ఆడ సుత ఆడోళ్ళున్నరా?"

"ఉంటారత్తా."

అత్త ఫోన్‌లో ఆగిపోయిన అమ్మ మొహాన్ని చూస్తూ ఉండిపోయింది. చూసీ చూసీ నా వైపు తిరిగింది.

"వాళ్ళకు తెలుగొస్తదా?"