జూన్ ఒకటిన పుట్టినవాళ్లం

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు మలక్‌పేట మైదానం నుంచి ఏడుపు ముఖంతో వచ్చింది. సాఫ్ట్‌బాల్ జట్టులోకి పద్నాలుగేళ్లలోపు వాళ్లనే తీసుకుంటారట, తనకు పదకొండు రోజులు ఎక్కువయ్యాయట. ఎవరో తేదీ మార్చి వేరే సర్టిఫికెట్ తెప్పిస్తామన్నారని చెబితే నేను వద్దన్నాను.

“నీ సంగతి నాకు తెల్వదనుకున్నవా అత్తా? నువ్వు దిద్దితే ఒప్పు, నేను దిద్దితే తప్పా?”

అవును, అదే నా మాట, ఈ రోజుకీ అదే.

మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, బడిలో చేర్చుకునే రోజున పంతులమ్మ పిల్ల ముఖం చూసి, అయిదేళ్లు నిండేలా వెనక్కి లెక్కగట్టి, జూన్ ఒకటి అని రాసేసేది. ఛత్రినాకలో మా తరగతిలో నలభై ఒక్కమందిమి ఉంటే ఇరవై ముగ్గురం జూన్ ఒకటినే పుట్టాం. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు గానీ, కంటబడ్డ అంకెనల్లా కూడి, తీసి చూసుకోవడం అప్పటి నుంచే అలవాటు.

మా బడి సాఫ్ట్‌బాల్ జట్టులో బంతి విసిరేది నా మేనమామ కూతురు. చెయ్యి కిందనుంచి తిప్పి ఆమె వదిలిన బంతి బ్యాటు దగ్గరికి వచ్చేదాకా ఎటు వంగుతుందో తెలిసేది కాదు. జిల్లా జట్టులో పేరొస్తే పదో తరగతి దాకా చదివిస్తానని, లేకుంటే ఆ ఏడే బడి మాన్పించి, లాడ్ బజార్ దుకాణం నుంచి తెచ్చుకునే లక్క గాజులకు రాళ్లు అతికే పనిలో కూర్చోబెడతానని మామయ్య తేల్చి చెప్పాడు.

జూలై ఒకటికి పద్నాలుగు నిండకూడదన్నది ఆటల నియమం. కాగితం ప్రకారం ఆమెకు ముప్పై రోజులు ఎక్కువ. కానీ వాళ్ల అమ్మ మాత్రం, బోనాలప్పుడు అమ్మవారి ఘటం ఊరేగింపు మా గల్లీలోకి వచ్చిన రోజునే నొప్పులొచ్చాయని ఎప్పుడూ చెప్పేది. పక్కింటి పూజారి తాత దగ్గర ఆ ఏటి పంచాంగం అడిగి తెచ్చి రెండు రోజులు కూర్చుని చూస్తే జూలై ఇరవై ఎనిమిది తేలింది. రిజిస్టరు మార్చాలంటే కోర్టు కాగితం తెమ్మన్నారు పెద్ద టీచరమ్మ. కోర్టు ఎటువైపుందో కూడా మాకు తెలియదు.

చేతిరాత బాగుంటుందని జట్టు జాబితా నాచేతే రాయించేవారు. రిజిస్టరులో ఉన్నట్టే తేదీలన్నీ ఎక్కించాక, ఆమె పేరు పక్కన ఆరు అంకె మీద చిన్న సున్న చుట్టాను. జూన్ ఒకటి ఆగస్టు ఒకటైంది.

బల్ల వెనక కూర్చున్న ఆటల సారు సంతకం పెట్టబోయి ఆగాడు.

“ఏంది బిడ్డా, గీ ఎనిమిది జర లావుగున్నది?”

“పెన్ను కారుతుంది సార్.”

“గీ ఒక్క పిల్ల కాడనే కారిందా?”

నేను తల దించలేదు. ఆమె పుట్టిన రోజు సంగతంతా చెప్పాను. ఆయన అంతా విని, ఆ అంకె మీద సిరా ఆరేదాకా ఊది, సంతకం పెట్టాడు.

జట్టు రెండో ఆటలోనే ఓడిపోయింది గానీ, జిల్లాకు ఆమెను తీసుకున్నారు, మామయ్య మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె ఒక బడిలో ఆటల టీచరు. బడి రికార్డులో తప్పు యాభై ఏడు రోజులు, నేను చేసింది నాలుగు రోజులు. ఏది నిజానికి దగ్గరో మీరే తీసివేసి చూసుకోండి. నన్ను కలవరపెట్టేది వేరే. అవతలి బడుల్లోనూ జూన్ ఒకటిన పుట్టిన పిల్లలు ఉండే ఉంటారు, పంచాంగం తిరగేసేవాళ్లు లేక ఇంట్లోనే ఆగిపోయిన వాళ్లు. వాళ్లెందరో నాకు తెలియదు. నేను వెయ్యలేకపోయిన లెక్క అదొక్కటే.

మా తమ్ముడి కూతురికి ఆసుపత్రి వాళ్లు పుట్టిన గంటా నిమిషంతో సహా రాసిచ్చారు. ఆ పదకొండు రోజులు నిజమైనవి, వాటిని నేను ముట్టుకోను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, మాట్లాడకపోనీ.

దిద్దుకోవలసిన అవసరమే లేని కాగితాలు వచ్చాయి, మంచిదే. కానీ మైదానంలో పుట్టిన తేదీ ఎక్కించగానే ఆ పిల్ల ఫారాన్ని వెనక్కి పంపింది మనిషి కాదు, ఒక ఫోను. ఎనిమిది లావుగా ఉందేమని అడిగి, జవాబు వినడానికి ఆగిన మనిషి ఇప్పుడు ఆ బల్ల వెనక లేడు.