నిప్పులేని పూచట్టి

పెద్దమ్మ పోయిందని పోయిన శుక్రవారం పొద్దున్నే విరుదునగర్ నుంచి అమ్మ ఫోను చేసింది. "నిద్రలోనే పోయింది కణ్ణు. నువ్వు నిదానంగా రా" అంది. కోవిల్‌పట్టి నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ నాకు ఆమె ముఖం కంటే ఆమె నీళ్ళ బక్కెట్టే ఎక్కువ గుర్తుకొచ్చింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. వెంబకోట్టై దగ్గర ఒక టపాసుల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి మందు కూరింది. ఎండబెట్టిన మందు ఒకనాడు అంటుకుని కుడిచెయ్యి కాలింది. పని మానేసి మా పక్కింటికి వచ్చింది. ఆ తర్వాత ఒక్క అగ్గిపుల్ల గీయలేదు. అమ్మ వెళ్ళి పొయ్యి వెలిగిస్తే వండుకునేది. దీపావళి రోజు తలుపులన్నీ మూసుకుని కూర్చునేది.

నాకు పదేళ్ళప్పుడు, పండగకు వారం ముందు, మా చెల్లి ఆమె కొంగు పట్టుకుని, "ఈ తడవ తలుపు మూయాకు పెద్దమ్మా. నీతోనే పూచట్టి కాల్చాల నేను" అని ఏడ్చింది. చిచ్చుబుడ్డిని మేం పూచట్టి అంటాం.

"నిప్పులేని పూచట్టి చేసిస్తా. ఏడవాకు" అంది పెద్దమ్మ చివరికి.

బండ్లకు స్టిక్కర్లు అంటించే అంగడి నుంచి రేడియం పొడి తెచ్చింది. చీకట్లో మెరిసే పొడిని అక్కడ అలాగే అంటారు. అట్టను పూచట్టిలా చుట్టి, ఆ పొడిని తెల్ల జిగురులో కలిపి రెండు పూతలు వేస్తే చాలు. మీరూ పిల్లలతో చేయొచ్చు. మాకు మాత్రం అంత సులభంగా సాగలేదు. ఫ్యాక్టరీలో లాగే ముందు గాజులు తీయాలంది పెద్దమ్మ. చేతులు నీళ్ళలో తడపాలి. స్టీలు స్పూను ముట్టుకోకూడదు, కట్టె గరిటెతో మెల్లగా తిప్పాలి.

"పెద్దమ్మా, ఇది జిగురా, బాంబా?" అంది చెల్లి.

"నోరు మూసుకొని కలుపు. మందు ముందర మాటలు వద్దు."

నవ్వుతూనే అంది. గరిటె మీద నుంచి కళ్ళు మాత్రం తీయలేదు.

ఆరిన పూచట్టీలను ఒక పెట్టెలో పెట్టి మంచం కిందికి, నీడకు తోసింది. మర్నాడు సాయంత్రం తలుపులు మూసి పెట్టె తెరిచాం. ఏమీ వెలగలేదు.

"నా చెయ్యి ఇంక దేనికీ పనికిరాదు" అంది పెద్దమ్మ.

నాకు కారణం తెలుసు. కాన్వెంటు లైబ్రరీ పుస్తకంలో చదివాను. క్లాసులో లేచి జవాబు చెప్పలేని నేను, ఆ చీకట్లో ఆమె చెవి దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"తప్పు నీ చేతిది కాదు పెద్దమ్మా. ఎండలో పెట్టాల. ఎండ తాగితేనే అది వెలిగేది."

"మందును ఎండలో పెట్టేదా?"

"ఇది ఆ మందు కాదు. పుస్తకంలో ఉండాది."

"ఆ పుస్తకం రాసినోడు వెంబకోట్టైలో పని చేసిండాడా?"

అయినా మర్నాడు ఒప్పుకుంది. నేను ఒక్కొక్కటే మెట్ల మీద పెడుతుంటే, నీళ్ళ బక్కెట్టు పట్టుకుని గడపలో నిలబడింది. "చాలు, తీసెయ్" అని నాలుగుసార్లు అంది. బక్కెట్టు కింద పెట్టలేదు.

సాయంత్రం తలుపులు మూయగానే అవి ఆకుపచ్చగా వెలిగాయి. చెల్లి గంతులేసింది. పెద్దమ్మ కాలిన చేతిని చాచి ఒక పూచట్టిని ముట్టుకుంది. "సల్లగా ఉండాది" అంది. చాలాసేపు చెయ్యి తీయలేదు.

ఆ తర్వాత ప్రతి దీపావళికీ వీధి పిల్లలంతా ఆమె ఇంట్లో గాజులు తీసి, చేతులు తడుపుకుని కూర్చునేవాళ్ళు. ఇంక బక్కెట్టు ఎందుకని నేను అడిగితే, "నన్ను బతికించిన అలవాటు. ఎట్ల విడిచేది?" అంది.

శుక్రవారం సాయంత్రం ఆమెను తీసుకెళ్ళాక, పడుకోబెట్టిన చోట దీపం పెట్టమన్నారు. అమ్మ అగ్గిపెట్టె తీసి, గీయకుండా నావైపు చూసింది. అప్పటికే చెల్లి మెట్ల మీద నుంచి పాత పూచట్టీలు తెస్తోంది. మధ్యాహ్నమే ఎండలో పెట్టిందట. వాటిని ఆ చోట నిలబెట్టి లైటు తీసేశాం.

ఆర్పడానికి అక్కడ నిప్పు లేదు. అయినా నేను బక్కెట్టు నింపి గడప దగ్గర పెట్టాను. నీళ్ళు కదలడం ఆగాక, వాటిలోనూ ఆకుపచ్చని వెలుగు కనిపించింది.