రాతికుళాయికి అశ్రునివాళి

ఇజ్వోర్నిక్ అనే చిన్న ఊరి హైస్కూల్లో చరిత్ర చెప్పే స్టోయ్నా గెర్గినోవాకు ఒక దురలవాటు ఉంది. దారిన పోతూ రాళ్ళతో మాట్లాడుతుంది. తను మాట్లాడి ఊరుకోదు, పక్కన పిల్లలుంటే వాళ్ళనూ పలకరించమంటుంది. తర్నొవోలో పట్టా పుచ్చుకుని, రాజధాని సోఫియాలో ఉద్యోగం వస్తే కాదని పుట్టిన ఊరికే తిరిగొచ్చిన మనిషి. ఎందుకొచ్చావంటే, "అక్కడి చరిత్రకు చూసుకునేవాళ్ళు బోలెడుమంది, ఇక్కడిదే దిక్కులేనిదైంది" అంటుంది. ఈ ధోరణికి బెదిరి పెళ్ళి సంబంధాలు కొన్ని వెనక్కి పోయాయట. పోయినవేవీ నిలిచేవి కావని ఆమె తీర్పు.

తొమ్మిదో తరగతి పిల్లల అభిప్రాయం వేరు.

"మనూళ్ళో చరిత్ర జరగలేదు టీచర్," అన్నాడు వెనక బెంచీలోంచి యాసెన్. "జరిగుంటే మా మామ్మ చూసుండేది. ఆవిడ కిటికీ వదిలితే కదా."

"అయితే వెళ్ళి మామ్మనే అడుగు. పై బజారు రాతికుళాయి ఎవరు కట్టించారో కనుక్కురా. మిగతావాళ్ళూ తలా ఒక ముసలాయన్నో ముసలమ్మనో పట్టుకోండి."

కుళాయి పేరే ఎత్తడానికి కారణం ఉంది. రాతిగోడలోంచి ఊటనీళ్ళు ధారకట్టే ఆ కట్టడం వల్ల బజారులో కార్లకు చోటు చాలడం లేదని, దాన్ని పడగొట్టాలని మేయర్ త్సోనెవ్ కౌన్సిల్ ముందు ప్రతిపాదన పెట్టాడు. గురువారం సభ. అభ్యంతరాలున్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని మునిసిపాలిటీ గోడమీది అద్దాల పెట్టెలో నోటీసు కూడా అంటించారు. ఆ పెట్టెలో కాగితాలు చదివే ప్రాణి ఊరు మొత్తానికి స్టోయ్నా ఒక్కతే. కిందటి సభకు విచ్చేసిన ప్రజానీకం ఒకే ఒక్క పెద్దమనిషి. ఆయనా హాల్లో వెచ్చగా ఉంటుందని వచ్చాడు. రోజూ బడికి పోతూ ఆ నీళ్ళు దోసిట పట్టి తాగే స్టోయ్నాకు వారం రోజులుగా నిద్ర లేదు.

సోమవారానికి పిల్లలు మోయలేనంత మోసుకొచ్చారు. కుళాయి కట్టించింది గెనా అనే విధవరాలట. కొడుకు యుద్ధంలో దాహంతో పోయాడని కబురొస్తే, ఈ దారిన పోయే ఏ తల్లి బిడ్డా గొంతెండి పోకూడదని ద్రాక్షతోట అమ్ముకుని కట్టించిందట. కొండమీంచి రాళ్ళు దించిన దున్నలు త్సోనెవ్ వాళ్ళ ముత్తాతవట.

"మా ముత్తాత రాయెత్తుతుంటే వేలు తెగిపోయిందట టీచర్," అన్నాడు యాసెన్. "ఇప్పటికీ ఆ గోడలోనే ఉందంటోంది మామ్మ."

"ఉండదులే."

"నేనూ అదే అన్నా. చెంప పగులుద్దంది. ఇప్పుడు దాన్ని ఎట్టా పడగొడతారు? మా వేలుందక్కడ!"

"ఆ మాట సభలో చెప్పు."

"ఎవరికి చెప్పను, కుర్చీలకా? ఆ నోటీసు ఎవడు చదువుతాడు?"

ముందు బెంచీలోంచి దెనిత్సా తలెత్తింది. "మనూరోళ్ళు చదివే కాగితం ఒకటుంది."

అందరికీ తెలుసు అదేమిటో. నల్లంచు చావు కాగితం. ఎవరు పోయినా తలుపులకు, స్తంభాలకు, బస్టాండు గోడకు ఫొటోతో సహా అంటిస్తారు. నలభయ్యో రోజుకొకసారి, ఏడాదికొకసారి మళ్ళీ అంటిస్తారు. పొద్దున్నే రొట్టెకని బయల్దేరినవాళ్ళు ముందు అవి చదివి, తమ పేరు లేదని ఖాయం చేసుకున్నాకే రొట్టె కొంటారు.

"చావుతో పరాచికాలా?" అంది స్టోయ్నా. "ఊరు మనల్ని ఉతికి ఆరేస్తుంది."

"పరాచికమేముంది టీచర్? గురువారం చంపుతారుగా. మనం కాస్త ముందుగా చెబుతున్నాం, అంతే."

స్టోయ్నా గంభీరంగా ఆలోచించి, వాళ్ళు రాసిన ముసాయిదాలో తప్పుపడిన అక్షరం దిద్దింది. ఆ దిద్దుబాటుతో తనూ ముద్దాయిల్లో చేరిపోయింది.

మర్నాటికి ఊరంతా కాగితాలే. "తీవ్ర విచారంతో తెలియజేయునది. తరతరాల దాహం తీర్చిన మా ప్రియమైన పై బజారు రాతికుళాయి గురువారం సాయంత్రం మునిసిపాలిటీ హాలులో మనల్ని విడిచి వెళ్ళనున్నది. దుఃఖతప్తులు: వేలిచ్చిన కుటుంబం, దున్నలిచ్చిన త్సోనెవ్ కుటుంబం, సమస్త ఊరు."

త్సోనెవ్ పేరు పిల్లలు ఉడుకుమోత్తనంతో వేశారు. అడుగున పేరున్నవాడు గుమ్మంలో నిలబడి పరామర్శలు అందుకోవాలన్న ఆచారం వాళ్ళకు తట్టలేదు. ఊరికి తట్టింది.

గురువారం హాలు నిండింది. పోయేది కుళాయేనని అందరికీ తెలుసు. అయినా కబురందాక వెళ్ళకుండా ఉంటారా? నల్ల రుమాళ్ళు కట్టుకుని, చావుకు తగినట్టు బేసి రాకుండా జత లెక్కన పూలు పట్టుకుని వచ్చారు. యాసెన్ మామ్మ మింకా, చావుకు పంచే ఉడికించిన గోధుమలు గిన్నెడు, పైన పంచదార పొడి చల్లి తెచ్చింది. ఎర్ర టై కట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మేయర్ చెయ్యి దొరకబుచ్చుకుంది.

"ధైర్యం తెచ్చుకో నాయనా. మీ దున్నలు ఎంత కష్టపడ్డాయో పాపం!"

"మామ్మా, ఇది కౌన్సిల్ సభ..."

"తెలుసులే. ఏడుపొస్తే ఆపుకోకు. ఇదుగో, నోరు తెరు."

చావు గోధుమలు వద్దన్న మనిషి ఇజ్వోర్నిక్‌లో ఇంతవరకూ పుట్టలేదు. త్సోనెవ్ తిన్నాడు. తిన్నాక అలవాటు కొద్దీ, "దేవుడు క్షమించుగాక" అనేశాడు. వెనకున్న వరసంతా అదే మాట అంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి పట్టుకోవడం, చెంచా అందించడం, ఆయన దేవుణ్ణి తలవడం. వరస తరిగేసరికి పంచదార రాలి టై తెల్లబడింది, కళ్ళు ఎర్రబడ్డాయి.

సభ మొదలయ్యాక యాసెన్ లేచాడు. వేలి సంగతితో మొదలుపెట్టి గెనా కొడుకు దాహం దగ్గర వాక్యం సగంలో వదిలేశాడు. కూర్చుండిపోయాడు. స్టోయ్నా పూల కాడలు నలిపేస్తోంది.

మేయర్ టై దులుపుకుంటూ లేచాడు. "ఎవరి గోధుమలు తిన్నానో వాళ్ళను చంపమని నా నోటితో అడగలేను. ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నా. మరి కార్లెక్కడ పెట్టాలో మీరే చెప్పండి!"

"పాత పొగాకు గోదాం వెనక," అంది దెనిత్సా.

"అది వచ్చే సభలో చూద్దాం."

"వస్తాం," అంది వెనక వరస మొత్తం. మేయర్ ముఖంలో ఆ సాయంత్రం అసలైన విచారం అప్పుడే కనిపించింది.

"అయితే కుళాయి పోలేదా?" అని గొణిగింది మింకా మామ్మ. "ఇన్ని గోధుమలు ఉడికించానే!"

మిగిలినవి కుళాయి దగ్గరే పంచారు. చావు కాగితం చింపకూడదు, వానకే వదిలెయ్యాలి. అందుచేత ఆ ఎండాకాలమంతా కుళాయి తన సంతాపపత్రం కిందే ధార కట్టింది. దాహం తీరినవాళ్ళు మూతి తుడుచుకుని దాని ఆత్మశాంతికి దండం పెట్టి పోయేవారు.

నోటీసుల అద్దాల పెట్టె ముందు మాత్రం స్టోయ్నాకు ఒంటరిగా చదువుకునే సుఖం పోయింది. "యాసెన్, తల పక్కకు తియ్యరా, కనబడటం లేదు."