పశువుల పాకకు సున్నం

ఆయన పోయారని నాకు మొదట చెప్పింది మా పాస్టరమ్మగారు. రెజిమెంటల్ బజార్‌లో కూరలు కొంటుంటే భుజం మీద చెయ్యేసి చెప్పారు. ఆయన ఇటలీలో పేరున్న చిత్రకారుడనీ, పెద్ద నాటకశాలల్లో తెరల మీద మేడలూ అడవులూ నిలబెట్టినవాడనీ కూడా ఆ రోజే విన్నాను. నాకు నమ్మబుద్ధి కాలేదు. మేమెరిగిన ఆయన నేరేడ్‌మెట్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుని సైకిల్ మీద తిరిగే ముసలి దొర. అంత పని వదిలి ఇక్కడికెందుకు వచ్చారో ఒకరు చెప్పినట్టు మరొకరు చెప్పరు. యుద్ధఖైదీగా వచ్చారని కొందరు, భార్య పోయిన దిగులుతో వచ్చారని కొందరు.

ఒక క్రిస్మస్‌కు మా చర్చిలో పిల్లల నాటకానికి ఆయన తెర వేశారు. బట్టను నేల మీద పరిచి, చీపురుకట్టంత పొడుగు కుంచెతో నిలబడే గీశారు. పశువుల పాక, వెనక మట్టిగోడ. గోడ నిండా పొగచూరిన మరకలు, చెమ్మ, పగుళ్లు. తెర కట్టాక చూస్తే నా మనసు కలుక్కుమంది. పండక్కి మన వంటింటి గోడకే సున్నం వేసుకుంటామే, ప్రభువు పుట్టే చోటు ఇలా ఉంటే ఎలా? నాటకం రోజు పొద్దున్నే ఇంట్లో మిగిలిన సున్నం తెచ్చి ఆ గోడంతా తెల్లగా కొట్టేశాను. మంచి పని చేయించావు తండ్రీ అని స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

పాస్టరమ్మగారు చూసి నెత్తి బాదుకున్నారు. "ఏందమ్మా గిట్ల చేసినవ్? తెరకు ఎవరన్న సున్నం కొడ్తరా? సాయంత్రమే నాటకం. పాపం, ఆయన నెల రోజుల కష్టం!"

అంతలో ఆయనే వచ్చారు. తెరను చూసి తన భాషలో ఏదో అన్నారు. తిట్టో, దీవెనో. తర్వాత బజారులో నేర్చిన తెలుగులో, "అమ్మా, ఎనక పో. ఆఖరి బెంచీ. కూసో, చూడు" అన్నారు.

అక్కడినుంచి చూస్తే తెల్లగోడ తప్ప ఏమీ కంటికి ఆనలేదు. రిహార్సల్‌కని ముందు నిలబడ్డ మరియమ్మ వేషం పిల్ల తెల్లచీరతో సహా అందులో కలిసిపోయింది.

"చాయ్ తే, అమ్మా. పాలు వద్దు. బకెట్ నిండా" అన్నారాయన.

"తాగనీకా, తానం చెయ్యనీకా?" అన్నారు పాస్టరమ్మగారు.

డికాషన్ కాచి తెచ్చాను. పాతగుడ్డలు ముంచి ఆయనా నేనూ గోడకు అద్దాం. సాయంత్రానికి మరకలు పట్టాయి కానీ, ఆయన గీసినట్టు కాదు. నాటకమయ్యాక అందరూ తెరను మెచ్చుకుంటే ఆయన వేలెత్తి నన్ను చూపించారు. వెక్కిరింపో మన్ననో తెలియలేదు. అడగడానికి సిగ్గుపడి ఏళ్లు గడిపాను. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

మన్నించారో లేదో గానీ, నన్ను అక్కడినుంచి పొమ్మనకుండా చేతికి గుడ్డ ఇచ్చినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఆయన వేసిన పెద్ద తెరలేవీ నేను చూడలేదు, చూసిన ఒక్కదాన్నీ పాడుచేశాను. ఇది చదివిన మీరు ప్రార్థనలో ఆ ముసలాయన్ని ఒక్కసారి తలుచుకోండి.